మూషిక జింకలను పిలిచినందుకు

కొత్తగా జంతువుల పనిలో చేరిన పిల్లలకు నా అనుభవం చెప్పమని మా కేంద్రం వాళ్ళు అడిగారు. చెప్పడం కంటే రాసి ఇస్తానన్నాను. నోటితో చెబితే నా తప్పు నాకు తెలియకుండానే కొంచెం చిన్నదైపోతుంది. రాస్తే అలా కాదు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఒక్కొక్క మాట కాగితం మీద పెట్టడానికి నాకు చాలా సేపు పడుతుంది. అంత నెమ్మదిగా అబద్ధం ఆడటం కష్టం.

తిరుపతి నుంచి చంద్రగిరి దాటి కొంత దూరం పోతే, అడవి అంచున మా కేంద్రం ఉంటుంది. జనం టిక్కెట్టు కొని చూసే చోటు కాదు అది. అడవిలో తగ్గిపోతున్న జంతువులను తెచ్చి, పెంచి, వాటి పిల్లలను మళ్ళీ అడవికి పంపడం అక్కడి పని. నేను గడ్డి కోసే కూలీగా చేరాను. తర్వాత వంటగదిలో క్యారెట్లు, బొప్పాయిలు తరగడం, శనగలు నానబెట్టడం. జంతువులంటే నాకు బెదురు లేదని చూసి, ఆవరణలు ఊడ్చి తిండి పెట్టే పనికి మార్చారు. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ మేకలు, కోళ్ళు నా చేతుల మీదే పెరిగాయి. అందుకని ఈ పని నాకు ముందే తెలుసనుకున్నాను.

నాతో పనిచేసిన కీపరు నాకంటే పదేళ్ళు పెద్దవాడు, పర్మినెంటు ఉద్యోగి. ఆయనను అన్నా అనేదాన్ని. ఆయన నన్ను, మా వైపు ఆడవాళ్ళను చనువుగా పిలిచినట్టే, 'మే' అని పిలిచేవాడు.

ఒక వేసవిలో పెద్ద సారు మమ్మల్ని పిలిచి, మన కేంద్రానికి మూషిక జింకలు వస్తున్నాయి, వాటిని పెంచే పద్ధతి చూసి రండి అని, కన్నడ రాజుల ఊరిలో ఉన్న పాత జూకు పంపాడు. మూషిక జింక అంటే చెవులపిల్లి అంత ఉండే జంతువు. కొమ్ములు ఉండవు. కాళ్ళు పెన్సిలంత సన్నం. ఒంటి మీద తెల్లటి చుక్కలు, చారలు. పగలంతా ఆకుల మరుగున పడుకుని, పొద్దు గూకే వేళకు రాలిన పండ్లు తినడానికి బయటికి వస్తుంది. భయమేస్తే వెనక కాళ్ళతో నేలను టపటపా కొడుతుంది. అంతకు మించి దానికి ఏ రక్షణా లేదు.

అన్న, నేను, కొత్తగా ఉద్యోగంలో చేరిన డాక్టరమ్మ, ముగ్గురం బస్సులో వెళ్ళాం. బంగారుపాళ్యంలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు మామిడి లారీలు బారులు తీరి ఉన్నాయి. బస్సు ఆగినప్పుడు అన్న దిగి ఒక సంచి తోతాపురి కాయలు కొన్నాడు. "ఒట్టి చేతులతో పోతే పని ఎవరు నేర్పిస్తారు మే" అన్నాడు.

రాజు తన తోటలో మొదలుపెట్టిన జూ అట అది. చెట్లు ఒక్కొక్కటి ఇద్దరు చేతులు కలిపినా అందనంత లావు. లోపల తిరునాళ్ళలాగా జనం. నేను మొదటిసారి జిరాఫీని చూసింది అక్కడే. నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

"దీనికి గొంతు నొప్పి వస్తే డాక్టరమ్మ గతేంది మే" అన్నాడు అన్న. డాక్టరమ్మ నవ్వి, "ముందు నిచ్చెన కొనిపించాలి" అంది.

మాకు పని చూపించడానికి వచ్చిన కీపరు అక్కడే తల నెరిసిన మనిషి. కోలారు వైపువాడు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మామిడికాయల సంచి తీసుకుని వాసన చూసి పక్కన పెట్టాడు. "ఈడ ఉండేదంతా జనం సూసేదానికి. మా అసలు పని వెనకాల ఉండాది, రాండి" అన్నాడు.

ఒక ఇనుప గేటు దాటాం. ఇంకో గేటు. జనం సద్దు తగ్గిపోయింది. చెప్పులు విప్పించాడు. మట్టి రంగు కోట్లు ఇచ్చాడు. పెదాల మీద వేలు పెట్టి, గోడకు ఉన్న సన్నటి చీలిక చూపించాడు. లోపల ఎండుటాకులు, పొదలు, నీడ. నాకు మొదట ఏమీ కనబడలేదు. కాసేపటికి ఒక చెవి కదిలింది. అప్పుడు తెలిసింది, నేను చూస్తున్నది ఆకును కాదు, జంతువును.

తిండి గోడ బయటి నుంచి గొట్టంలో వేస్తారు. రోజూ ఒకే గొట్టం కాదు, ఒకే వేళ కాదు. మూత చప్పుడు కాకుండా దానికి గుడ్డ చుట్టి పెట్టారు. అంతా చేత్తోనే చూపించాడు. మళ్ళీ బయటికి వచ్చి రెండు గేట్లు మూసిన తర్వాతే నోరు విప్పాడు.

"ఇరవై ఏండ్లుగా ఈటికి తిండి పెడతా ఉండా. ఒక్కదానికి గూడా నేనెవరో తెలీదు. నా సర్వీసంతా అదే."

"అంతసేపు నోరు మూసుకోని ఉండేది మా అమ్మి వల్ల అయ్యే పనేనా" అన్నాడు అన్న నన్ను చూపించి.

ఆయన నవ్వలేదు. నా వైపు తిరిగి, "ఏమ్మా, నీకు బిడ్డలుండారా?" అన్నాడు.

ఇద్దరున్నారని చెప్పాను.

"వాండ్లు నిన్ను మరిసిపోతే బాధ పడతావు. ఈటి దగ్గర అట్ల కాదు. నిన్ను గుర్తు పట్టినాయంటేనే నువ్వు బాధ పడాల. తిండి మనిషి పెట్టినట్టు ఉండకూడదు, చెట్టు నుంచి రాలినట్టు ఉండాల."

నేను తల ఊపాను. అర్థమైందనే అనుకున్నాను.

ఆ వానాకాలానికి మా దగ్గరికి మూడు జతలు వచ్చాయి. ఆ జూలో చూసినట్టే చీలికలు, గొట్టాలు, మట్టి రంగు కోట్లు అన్నీ పెట్టించింది డాక్టరమ్మ. అందరం నోరు మూసుకుని పనిచేశాం. రెండు నెలలకు ఒక ఆడది ఈనింది. ఈనిన మరుసటి రోజు నుంచి తిండి ముట్టలేదు. ముసురు పట్టి వాన విడవలేదు. డాక్టరమ్మ తిరుపతికి మందుల కోసం వెళ్ళింది. అన్నకు జ్వరం. చీలికలోంచి చూస్తే తల్లి మూలన ముడుచుకుని ఉంది, పిల్ల దాని పొట్ట కింద పాల కోసం వెతుకుతోంది. వేసిన శనగలు వేసినట్టే తడిసి ఉబ్బి ఉన్నాయి.

గొట్టం దగ్గర కూర్చుని, ఏం చేయాలో తోచక, నాకు తెలిసిన పని చేశాను. మా ఇళ్ళల్లో కోళ్ళకు గింజలు వేసేటప్పుడు పిలిచినట్టు మెల్లగా పిలిచాను.

"బా... బా... బ్బబ్బా..."

అది చెవి తిప్పింది. మళ్ళీ పిలిచాను. లేచింది. వచ్చి, ఒక్కొక్క శనగ గింజ తినడం మొదలుపెట్టింది.

ఆ రోజు నాకు కలిగిన సంతోషం గురించి ఎక్కువ రాయను. దానికి చెల్లించిన ధర పెద్దది. మరుసటి రోజూ పిలిచాను. ఆ తర్వాత పిలవకుండా తిండి వేయాలంటే ఏదో కాని పని చేస్తున్నట్టు ఉండేది. నోరు దానంతట అదే తెరుచుకునేది. తల్లి వెంట పిల్ల వచ్చింది. దాన్ని చూసి పక్కవి వచ్చాయి. మిగతా వాళ్ళు తిండి వేస్తే సగం మిగిలేది, నేను వేస్తే గింజ మిగిలేది కాదు. నా చేతివాసి మంచిదన్నారు. పెద్ద సారు పై అధికారులు వచ్చినప్పుడు నన్ను ముందు నిలబెట్టి చూపించాడు. నా పేరు పర్మినెంటు చేయమని కాగితాలు పైకి పంపాడు.

అన్న ఒక్కసారి విన్నాడు. "ఏమి మే, కోళ్ళనుకున్న్యావా వాటిని?"

"నోరు ఊరికే ఉండదు గదన్నా."

"డాక్టరమ్మ చెవిన పడితే సంపేస్తాది" అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ మాట అంతటితో పోయింది.

కొన్నేళ్ళకు మా ఆవరణలోనే పుట్టిన ఐదింటిని అడవికి పంపాలని నిర్ణయించారు. కొండ వాలులో ఒక చోట కంచె కట్టి, కొన్ని వారాలు అందులో ఉంచి, ఒక సాయంత్రం తలుపు తీశారు. అవి ఒక్కొక్కటిగా తల బయట పెట్టి, ఆగి, పొదల్లోకి వెళ్ళిపోయాయి. డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. ఆ పొదలకు అవతల, నడిచి పోయేంత దూరంలో పదిహేను గడపల ఊరు ఉంది. ప్రతి గడపలో కోళ్ళున్నాయి. ఆ సంగతి మా అందరికీ తెలుసు. ఎవరికీ తట్టలేదు. నాకు తట్టాల్సింది.

పదో రోజు ఉదయం ఆ ఊరి నుంచి ఒకామె, ఆమె మొగుడు గంప ఎత్తుకుని మా గేటు దగ్గరికి వచ్చారు. గంపలో రెండు మూషిక జింకలు చచ్చి పడి ఉన్నాయి. మెడల మీద కుక్క పళ్ళు.

"కోళ్ళను పిలస్తే కోళ్ళతోపాటు ఇవీ వస్తా ఉండాయి సార్" అందామె. "మొన్న ఒకటి వచ్చింది, తరిమినాం. నిన్న రెండు వచ్చినాయి. మేం లేసే లోపలే కుక్కలు పడినాయి."

గార్డు నవ్వాడు. "అడవి జంతువు నువ్వు పిలస్తే వస్తాదా? నువ్వేమన్నా దానికి మేనత్తవా?"

ఆమె మొగుడి మీద ఎప్పుడో చెవులపిల్లులకు ఉచ్చు వేసిన కేసు ఒకటి ఉంది. అది చాలు. దొరికిపోతానని భయపడి ముందే తెచ్చి నాటకం ఆడుతున్నాడని అన్నారు. అతన్ని ఆఫీసులో కూర్చోబెట్టారు. మరునాడు కోర్టుకు పంపాలని కాగితాలు రాయడం మొదలైంది. అది మామూలు జంతువు కాదు, సంవత్సరాల తరబడి జైలు పడే కేసు. ఆమె గేటు బయట గంప బోర్లించుకుని దాని మీద కూర్చుంది. ఏడవలేదు. వచ్చేపోయే ప్రతివాడికీ అదే మాట చెబుతూ ఉంది, "పిలస్తే వచ్చినాయి సామీ."

నిజమేనని ఆ కేంద్రంలో తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేను, అన్న.

అన్న నన్ను వంటగది వెనక్కి పిలిచాడు. "నోరు మూసుకో మే. నీ పర్మినెంటు కాగితాలు ఇంకో నెలలో వచ్చేస్తాయి. చెప్పినావంటే కూలి పని కూడా మిగలదు."

"ఆయప్ప జైలుకు పోతాడు గదన్నా."

"లాయరు సూసుకుంటాడులే."

"ఆయమ్మను సూస్తివా? లాయరంటే ఏందో తెలుసునా ఆయమ్మకు?"

నేను ఆ పూట బొప్పాయిలు తరిగాను. ఎన్ని తరిగానో నాకే తెలియదు, అవసరానికి రెండింతలు. మధ్యాహ్నం దాకా నాకు నేను ఏమేమో సర్దిచెప్పుకున్నాను. ఇద్దరు పిల్లల చదువు, ఇంటి ఖర్చు, అన్నీ నిజమే. కానీ గేటు బయట ఆమె మాట వినబడుతూనే ఉంది. ఆమె చెప్పే ప్రతి మాటా నేను చెప్పాల్సింది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆమె నమ్మలేదు. అందరినీ రమ్మన్నాను. పెద్ద సారు, డాక్టరమ్మ, గార్డు, అన్న చీలికల దగ్గర నిలబడ్డారు. మిట్ట మధ్యాహ్నం. ఆ వేళ మూషిక జింక కనబడటమే అరుదు. నేను గొట్టం దగ్గర నిలబడ్డాను. చేతిలో గింజ కూడా లేదు.

రాకూడదని మొక్కుకుంటూ పిలిచాను.

"బా... బా... బ్బబ్బా..."

ఆకులు కదిలాయి. ఒకటి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. పొద కింద నుంచి ఒక తల్లి, పిల్లతో. చూస్తూ ఉండగానే ఆవరణలో ఉన్నవన్నీ పట్టపగలు వచ్చి, ముక్కులెత్తి నా వైపు చూస్తూ నిలబడ్డాయి. ఒక్కటీ కాలు నేలకు కొట్టలేదు. వాటికి భయం లేదు. భయపడటం నేనే మరిపించాను.

పెద్ద సారు అడిగాడు, "ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి వానాకాలం నుంచి సార్."

"ఇంకెవరికి తెలుసు?"

నేను నోరు తెరిచే లోపలే అన్న ముందుకు వచ్చాడు. "నాకూ తెలుసు సార్. విని గమ్మునుండినా." ఆయన రిటైర్మెంటుకు అప్పుడు ఏడాది కూడా లేదు.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "ఆ రోజే నాకు ఒక్క మాట చెప్పుంటే" అని, వాక్యం పూర్తి చేయకుండా వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ సాయంత్రమే ఆ మనిషిని వదిలేశారు. నా చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. గుమాస్తా చదివి వినిపించాడు కానీ, చదివిందే అందులో ఉందో లేదో నాకు తెలియదు. నేను చెప్పిన మాట నేనే చదవలేకపోయానన్నది నన్ను చాలాకాలం పీడించింది. రాత్రి బడిలో చేరింది అందుకే. ఏళ్ళ తర్వాత ఆ కాగితం అడిగి చదివాను. 'సంరక్షణ లోపము వలన మానవ స్వరమునకు అలవాటు పడినవి' అని ఉంది. అంతే. అందులో వాన లేదు, తిండి ముట్టని తల్లి లేదు, కోళ్ళు లేవు. గేటు బయట కూర్చున్న ఆమె కూడా లేదు.

నా పర్మినెంటు కాగితాలు వెనక్కి వచ్చాయి. మళ్ళీ గడ్డి కోతకు పంపారు. అన్నకు మెమో ఇచ్చారు. నా పిలుపు విన్న జంతువులేవీ ఇక అడవికి పనికిరావని తేల్చారు. డాక్టరమ్మ దూరంగా కొత్త ఆవరణ కట్టించి, వాటి పిల్లలను నా గొంతు వినబడని చోట పెంచింది. ఆ పని తర్వాత బాగానే సాగింది. అందులో నా చెయ్యి లేదు.

కానీ అడవిలో ఇంకా మూడు మిగిలి ఉన్నాయి. వాటిని వెనక్కి తేవాలి, లేకపోతే అవీ కుక్కల పాలవుతాయి. అవి ఎవరి పిలుపుకు వస్తాయో అందరికీ తెలుసు కాబట్టి నన్నే తీసుకెళ్ళారు. ముందు ఆ ఊరికి వెళ్ళాను, ఆమె కాళ్ళు పట్టుకోవాలని. ఆమె వాకిట్లో శనక్కాయలు వలుస్తోంది. నన్ను వంగనివ్వలేదు.

"కూసో. నువ్వూ కూటికే పిలిస్తివి, నేనూ కూటికే పిలిస్తిని" అంది. ఇంకో కాయ వలిచి, "ఆ మూడూ దొరికిందాకా మేం పిలవంలే. ఊర్లో అందురికీ చెప్పినా" అంది.

ఆ సాయంత్రం ఆ ఊరి ఆడవాళ్ళు ఎవరూ కోళ్ళను నోటితో పిలవలేదు. గింజలు చల్లి చేట వెనక వేళ్ళతో తట్టారు. కోళ్ళకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. ఒకామె విసుక్కుంటూ ఒక్కొక్కదాన్నీ పట్టి గంప కింద వేసింది. అయినా నోరు మెదపలేదు.

మొదటి రోజు ఒకటి నా పిలుపుకు వచ్చింది. రెండో రోజు ఇంకొకటి. పెట్టెల్లో ఎక్కించాం. మూడోది ఒక ఆడది. నాలుగో సాయంత్రం పొద అంచున కనబడింది. పిలిచాను. రెండడుగులు వేసి ఆగింది. చెవులు నా వైపు, ఒళ్ళు అడవి వైపు. డాక్టరమ్మ నా పక్కనే కూర్చుని, "ఇంకోసారి పిలువు" అని మెల్లగా అంది.

నేను పిలవలేదు.

"పిలువమ్మా, వస్తుంది."

"వస్తాది మేడం" అన్నాను. "అందుకే."

ఆమె నా మొహం చూసింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. ఆమె చప్పుడు కాకుండా పెట్టె మూత దించింది. ఆ జింక చాలాసేపు నిలబడింది. తర్వాత వెనక కాళ్ళతో నేలను కొట్టింది, టపటపటప. తిరిగి వెళ్ళిపోయింది. ఆ చప్పుడు నేను పెంచిన జంతువు నుంచి వినడం అదే మొదటిసారి.

అది బతికిందో లేదో నాకు తెలియదు. అడవిలో చెట్లకు కట్టిన కెమెరాల్లో మళ్ళీ పడలేదు. ఆ రోజు నేను చేసింది మంచో చెడో కూడా తెలియదు. జంతువు మీద ప్రేమ ఉండాలని మీకు అందరూ చెబుతారు. నేను మాత్రం, ఆ ప్రేమ మీ నోట్లోంచి బయటికి వచ్చే ముందు అది ఎవరి ఆకలి తీరుస్తోందో ఒకసారి చూసుకోమంటాను.

పోయిన ఏడాది ఆ ఊరిలో ఒక పెళ్ళికి పిలిస్తే వెళ్ళాను. పొద్దు వాలుతోంది. బంగారుపాళ్యం వైపు నుంచి ఆ ఊరికి కొత్తగా వచ్చిన కోడలు ఒకామె పక్కింటి వాకిట్లో గింజలు చల్లి చేట తడుతోంది. నేను చూస్తున్నానని గమనించి నవ్వింది.

"మా ఊర్లో అయితే నోటితో పిలస్తాం పెద్దమ్మా. ఈ ఊర్లో పిలవకూడదంట. ఎందుకని అడిగితే మా అత్తకు గూడా సరిగ్గా తెలీదు. ముందు నుంచీ ఇంతే అంటాది."

కోళ్ళు ఒక్కొక్కటే ఆ చేట చప్పుడుకు గంప దగ్గరికి వస్తుంటే, అవన్నీ లోపలికి పోయేదాకా చూస్తూ నిలబడ్డాను.